ఎనిమిది లెక్కపెట్టేదాకా

నీళ్ల ఫోటో తీయడం నేను నేర్చుకున్నది పంతొమ్మిది వందల అరవై నాలుగు వానాకాలంలో. ఆ వానాకాలంలోనే మా వదిన కౌసల్యను ఇంట్లోంచి పంపించేశారు. ఈ రెండూ వేర్వేరు సంగతులని చాలా రోజులు అనుకున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. నకిరేకల్‌లో ఐలేశం అనే ఆయన ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ని. కేతేపల్లి పోయే రోడ్డు మధ్యలో దిగి మైలు దూరం లోపలికి పోతే మా ఊరు. రోజూ సైకిల్ మీద పోయి వచ్చేవాణ్ని. మాది నేత ఇల్లు. మా బాపు సిద్దిరాములు మగ్గం మీద కూర్చుంటే అమ్మ, వదిన నూలు కండెలకు చుట్టి అందించేవాళ్లు. అన్న పర్వతాలుకు నేత వచ్చు గానీ అప్పుడతను మూసీ కాలువ పనిలో ఒక మేస్త్రీ దగ్గర ఉండేవాడు. ఆదివారానికోసారి ఇంటికి వచ్చేవాడు.

ఆ శ్రావణంలో ఎనిమిది రోజులు ముసురు పట్టింది. స్టూడియో కప్పు కారి, ఫోటోల వెనక వేలాడదీసే తెర తడిసిపోయింది. దాని మీద ఒక జలపాతం బొమ్మ ఉండేది. ఎక్కడెక్కడి ఊళ్లనుంచో వచ్చిన కొత్త దంపతులు దాని ముందు నిలబడి ఫోటో దిగి పోయేవాళ్లు. పొద్దున్నే తలుపు తీసి చూసేసరికి నీలం రంగు, తెల్ల రంగు కలిసి కిందికి కారి జలపాతం మొత్తం నేలమీద మడుగు కట్టింది.

ఐలేశం తల పట్టుకోలేదు. దగ్గుకుంటూ వచ్చి ఆ మడుగు చూశాడు.

"మీ ఊరి చెరువు మత్తడి దుంకుతాందంటివి గద," అన్నాడు.

"నిన్నటి సంది దుంకుతాందన్నా."

"అయితె దాని ఫోటువ తియ్యి. నల్లగొండల ఒక పెయింటరున్నడు. ఫోటువ చూసి తెర గీస్తడు. దసరా లోపట కావాలె."

చెరువు నిండాక మిగిలిన నీళ్లు పొర్లిపోయే చోటును మా దిక్కు మత్తడి అంటారు. చాలా ఊళ్లలో అక్కడ నీళ్లు మెల్లగా జారిపోతాయి. మా ఊళ్లో మాత్రం రెండు నిలువుల ఎత్తున్న బండల మీదినుంచి కిందికి దుంకుతాయి. చూడడానికి పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చేవాళ్లు.

స్టూడియోలో ఉన్న పెద్ద కెమెరా కదిలించేది కాదు. ఐలేశం బీరువాలోంచి ఒక డబ్బా కెమెరా తీసి నా చేతిలో పెట్టాడు. నల్ల అట్టపెట్టెలాంటిది. ముందు గాజుకన్ను, పైన చిన్న అద్దం, పక్కన ఒక మీట. రీలు వేస్తే ఎనిమిది ఫోటోలు. అంతవరకూ నేను చీకటిగదిలో కాగితాలు కడిగి ఆరేయడమే తప్ప సొంతంగా ఒక్క ఫోటో తీసి ఎరగను. ఆ మధ్యాహ్నమే మత్తడి దగ్గరికి పోయి మీట ఎనిమిదిసార్లు నొక్కి, గెలిచినవాడిలా తిరిగి వచ్చాను.

రీలు కడిగి కాగితం మీద ఫోటోలు వేశాక ఐలేశం వాటిని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. నీళ్లు నీళ్లలా లేవు. బండల మీద ఎవరో సున్నం గడ్డలు విసిరినట్టు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. మూడింటిలో బండలు కూడా చెదిరిపోయాయి, నా చెయ్యి కదిలినందువల్ల.

అప్పుడాయన బల్ల సొరుగులోంచి ఒక పాత పత్రిక తీసి ఒక పేజీ చూపించాడు. ఏ దేశానిదో జలపాతం. బండ మీద నాచు కూడా కనిపిస్తోంది గానీ, నీళ్లు మాత్రం ఏకిన పత్తిలాగా ఒక్క ముద్దగా దిగుతున్నాయి.

"ఇదెట్ల తీసిండ్రన్నా?"

"కన్ను తెరిచి పెట్టిండ్రు. గంతే," అన్నాడు ఐలేశం. "చటుక్కున మూస్తె నీళ్లు ఎక్కడియక్కడ ఆగిపోతయి. తెరిచి పెట్టు. ఆగినదాన్ని ఆగినట్టు రాసుకుంటది, కదిలినదాన్ని కదిలినట్టు రాసుకుంటది."

డబ్బాకు పైన ఒక చిన్న రేకు ఉంది. దాన్ని లాగిపెడితే, మీట ఒకసారి నొక్కితే కన్ను తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కేదాకా మూసుకోదు. ఎండలో అట్లా చేస్తే రీలు మాడిపోతుంది. అందుకని పొద్దుగూకే ముందు, మబ్బు పట్టినప్పుడు తీయాలి. ఐలేశం తల్లికి కళ్ల ఆపరేషన్ అయినప్పుడు దవాఖానలో ఇచ్చిన నల్లద్దాలు ఉండేవి. అందులో ఒక అద్దం ఊడదీసి గాజుకన్ను మీద అతికించాడు. వెలుతురు తగ్గించడానికన్నమాట. కెమెరా కదలకుండా మూడు వెదురు బొంగులు కట్టి దాని మీద పెట్టమన్నాడు. మీట నొక్కినా డబ్బా అదురుతుంది కాబట్టి ముందు ఒక నల్ల అట్ట అడ్డం పెట్టి, మీట నొక్కి, అదురు ఆగాక అట్ట తీసి, ఎనిమిది సెకన్లు లెక్కపెట్టి, మళ్లీ అట్ట పెట్టమన్నాడు.

"సెకండ్లు ఎట్ల లెక్కపెట్టాలె? నా దగ్గర గడియారం లేదు."

"నోటితోని లెక్కపెట్టు. ఏదన్న తాళం పట్టుకో."

నాకు తెలిసిన తాళం ఒకటే. బాపు మగ్గం మీద వేసే పోటు చప్పుడు. చిన్నప్పుడు మా బడి పంతులు మా ఇంటి అరుగు మీద కూర్చుని, తన జేబు గడియారం చూస్తూ, "మీ నాయిన పోటుకొక సెకండు పడుతుందిరా," అని నవ్వేవాడు. నేను రెండు సాయంత్రాలు మగ్గం పక్కన కూర్చుని, ఆ చప్పుడును ఒంట్లోకి ఎక్కించుకున్నాను. మూడో రోజు మత్తడికి పోయి ఆ తాళం మీదే ఎనిమిది లెక్కపెట్టి రెండో రీలు తీశాను.

అది మాడిపోయింది. నీళ్లున్న చోట ఏమీ లేదు, ఉత్త తెలుపు.

"ఎనిమిదంటివి. ఇది పదిహేను తీరుగున్నది," అన్నాడు ఐలేశం.

"ఎనిమిదే లెక్కపెట్టినన్నా. బాపు మగ్గం మీద లెక్క చూసుకున్న."

ఆయన తన చేతి గడియారం విప్పి ఇచ్చాడు. "దీన్ని చూసి నేర్చుకో. మగ్గం సంగతి నాకెరుకలేదు."

ఇంటికి పోయి ఆ గడియారం చేతిలో పెట్టుకుని మళ్లీ మగ్గం పక్కన కూర్చున్నాను. బాపు అడ్డపోగు మోసే నాడె తాడు లాగడం, ఆ పోగును బిగించే పలకను దగ్గరికి గుద్దడం, అన్నీ మామూలుగానే ఉన్నట్టు కనిపించాయి. చెవికి మాత్రం మామూలుగా లేదు. రెండు పోట్లు వెంటవెంటనే పడేవి. తర్వాత ఒక సందు. మళ్లీ ఒక పోటు, మళ్లీ పెద్ద సందు. నిమిషానికి అరవై పడవలసింది ముప్పయ్యయిదు పడింది. బాపు నన్ను చూసి ఆపాడు.

"ఏందిరా గడియారం పట్టుకొని కూసున్నవ్?"

"ఫోటువ కోసం బాపు."

"ఫోటువకు నా మగ్గమెందుకు? లేచి పో."

నూలు సరిగ్గా రావడం లేదని ఆయన అప్పటికి కొన్ని వారాలుగా అంటున్నాడు. అందువల్లే ఆగి ఆగి నేస్తున్నాడని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ వారమే మా బట్ట కొనే నేతగాళ్ల సొసైటీవాళ్లు చీరలు తిప్పి పంపారు. అది రెండోసారి. బాపు ఒక చీరను వాకిట్లో మంచం మీద పరిచాడు. ఎండకు పట్టి చూస్తే ఒకచోట పలచగా, ఒకచోట దట్టంగా, అడ్డగీతలు గీసినట్టు ఉంది. మా ఇంట్లో అట్లాంటి బట్ట నేను ఎన్నడూ చూడలేదు.

"కౌసల్యా, ఇటు రా," అన్నాడు బాపు.

వదిన కండెల గంప పట్టుకుని వచ్చింది.

"ఇగో సూడు. గీడ జల్లెడ తీరుగున్నది, గీడ గోనె తీరుగున్నది. కండె వదులుగ చుడితె బట్ట గిట్లనే అయితది."

"గట్టిగనే చుడుతున్న మామా. ఒక్క కండె నువ్వే విప్పి చూడు."

"నలభయేండ్ల సంది నేస్తున్న. నాకు నేర్పుతవా?"

గంపలోంచి ఒక కండె తీసి వాకిట్లోకి విసిరాడు. అది బురదలో పడింది. వదిన పోయి తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్లీ గంపలో పెట్టింది. అమ్మ అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. వదిన ఆమె దిక్కు చూసింది. అమ్మ చేతులు ఇంకా తొందరగా బియ్యంలో తిరిగాయి.

తర్వాత నాలుగు రోజులూ అదే. పోగు తెగితే వదిన. పోగు ముడి ఊడితే వదిన. ఆదివారం అన్న వచ్చేసరికి బాపు అన్నం ముట్టకుండా కూర్చున్నాడు.

"గీ పిల్ల చుట్టిన నూలుతోని నేను నేయ," అన్నాడు. "ఆమె ఉంటె నేను మగ్గమెక్క."

అన్న ఆరు రోజులు మట్టి మోయించి, నాలుగు కోసులు నడిచి వచ్చినవాడు. కాళ్లు కూడా కడుక్కోలేదు. బాపును అడిగాడు, అమ్మను అడిగాడు. వదినను మాత్రం ఏమైందని అడగలేదు. "కొన్నొద్దులు మీ అమ్మగారింటికాడ ఉండు," అన్నాడు. "బాపు కోపం తగ్గినంక తోలుకొస్త."

చుట్టుపక్కలవాళ్లకు బతుకమ్మ పండుగకు పుట్టింటికి పోతోందని అమ్మ చెప్పింది. పండుగకు ఇంకా నెల ఉంది.

రోడ్డు దాకా పెట్టె నేను మోశాను. అన్న ముందు నడుస్తున్నాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి. వదిన కొంగు నెత్తిన కప్పుకుని నా పక్కన నడుస్తూ మెల్లగా అడిగింది.

"నర్సూ, నా కండెలు వదులుగ ఉంటయా? నువ్వు నేతోళ్ల బిడ్డవు. నువ్వు చెప్పు."

గడియారం, ఆ ముప్పయ్యయిదు పోట్లు, అంతా నోటిదాకా వచ్చింది. ముందర అన్న ఉన్నాడు. ఇంట్లో బాపు ఉన్నాడు.

"నాకెరుకలేదు వదినె," అన్నాను.

వదిన పుట్టింటికి, చండూరుకు పోవాలంటే నల్లగొండలో బస్సు మారాలి. ఇద్దరూ ఎక్కారు. కిటికీలోంచి నా దిక్కు చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు.

వదిన పోయాక కండెలు అమ్మే చుట్టింది. బట్ట మాత్రం మారలేదు. బాపు ఈసారి నూలును తిట్టాడు, తర్వాత పోగులకు పట్టించే గంజిని తిట్టాడు. నేను ఇంట్లో ఉండలేక సాయంత్రం కాగానే బొంగులు భుజాన వేసుకుని మత్తడికి పోయేవాణ్ని. రీలు లేకపోయినా సరే, గడియారం చూస్తూ అట్ట తీయడం, పెట్టడం నేర్చుకున్నాను. గాలికి బొంగులు ఊగకుండా మధ్యలో రాయి వేలాడదీయాలని, నీటి తుంపర అద్దం మీద పడకుండా ఏ దిక్కున నిలబడాలో అక్కడే తెలిసింది. ఎనిమిది సెకన్లు ఎంతసేపో అప్పుడు తెలిసింది. చాలాసేపు.

మూడో రీలు ఇస్తూ ఐలేశం అన్నాడు. "ఉత్త నీళ్లు తీస్తె ఎత్తు ఎంతో, జోరు ఎంతో ఎరుకకాదు. పక్కపొంటి ఒక మనిషిని కూసోబెట్టు. కదలకుండ కూసునే మనిషిని."

కదలకుండా కూర్చోవడమంటే నాకు బాపే గుర్తొచ్చాడు. మగ్గం గుంటలో పొద్దంతా కూర్చునే మనిషి. అడిగితే తిడతాడనుకున్నాను. ఆశ్చర్యం, సరేనన్నాడు. ఎప్పుడూ ఫోటో దిగలేదు మరి. తెల్ల అంగీ వేసుకున్నాడు, రుమాలు చుట్టుకున్నాడు. గుండీలు అమ్మ పెట్టింది.

"బాపును తీసుకపోకు నర్సు," అన్నది అమ్మ, నాతో గొంతు తగ్గించి. "అక్కడ చల్లగుంటది."

"ఎంతసేపమ్మా, చిటికెల వస్తం."

"వద్దంటున్న గద."

"నేను బలవంతం చేయలే, ఆయనే వస్తనన్నడు," అన్నాను. ఆమె వాకిట్లోనే నిలబడిపోయింది.

మబ్బు కమ్మి ఉంది. మత్తడి పక్కన చదునైన గుండు మీద బాపును కూర్చోబెట్టాను. నీళ్ల హోరుకు గట్టిగా అరిస్తే తప్ప వినిపించదు. పదిహేను అడుగుల దూరంలో బొంగులు పాతి, అద్దంలో చూసుకున్నాను. బాపు కండువా ఒళ్లో పరుచుకుని చేతులు దాని కింద పెట్టుకున్నాడు.

"కండువా తీసి చేతులు మోకాళ్ల మీద పెట్టు బాపు."

"ఉండనీ."

"మూట పెట్టుకున్నట్టు కనబడుతాంది. తియ్యి."

బాపు కాసేపు నా దిక్కు చూశాడు. అది కోపం కాదు. అప్పుడు నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని చెప్పలేను. తర్వాత కండువా తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించాడు.

"ఎనిమిది లెక్కపెట్టేదాక కదలకు."

అట్ట పెట్టాను, మీట నొక్కాను, అట్ట తీశాను. నా కళ్లు గడియారం ముల్లు మీదే ఉన్నాయి. ఎనిమిది. అట్ట పెట్టాను. అట్లా మూడు తీశాను. మిగిలిన అయిదు ఉత్త నీళ్లవి.

"కదలలే గద బాపు?"

"కదలలే," అన్నాడు.

మర్నాడు పగలు, చీకటిగది ఎర్రదీపం కింద, కాగితం మీద ఫోటో మెల్లమెల్లగా తేలుతుంటే నేను దాని మీదికి వంగి చూశాను. నీళ్లు వచ్చాయి. పత్రికలో ఉన్నట్టే, అంతకన్నా బాగా వచ్చాయి. బండల అంచులు కత్తితో కోసినట్టున్నాయి. వాటి మధ్యనుంచి నీళ్లు తెల్లటి పొగలాగా దిగుతున్నాయి. ఐలేశం నా వీపు తట్టాడు.

కాగితాన్ని నీళ్లలో కడిగి వెలుతురులోకి తెచ్చాం. అప్పుడు చూశాం.

బాపు మొహం మీది ముడతలు లెక్కపెట్టొచ్చు. రుమాలు మడతలు, అంగీ గుండీలు, కాళ్లవేళ్లు అన్నీ తేటగా ఉన్నాయి. మోకాళ్ల మీద మాత్రం చేతులు లేవు. చేతులుండవలసిన చోట, పక్కన దుంకే నీళ్లలాంటి తెల్లటి పొగ ఉంది.

"కదిపిండు," అన్నాను.

ఐలేశం మిగతా రెండూ వేసి తెచ్చాడు. మూడింటిలో అంతే. మొహం కదలలేదు. భుజాలు కదలలేదు. చేతులే.

"నీళ్లు ఆగకుండ కదులుతున్నయి గనుక గట్లొచ్చినయి," అన్నాడాయన. "చేతులు సుత గంతే. మీ బాపుకు చేతులు వణుకుతయా?"

"లేదు," అన్నాను.

అన్నాక ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. చాయ లోటాలో కాకుండా గిన్నెలో, రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. కూర్చున్నప్పుడల్లా చేతులు చంకల్లో పెట్టుకుంటున్నాడు. ఇంట్లో గడ్డం గీసుకునే మనిషి మంగలి దగ్గరికి పోతున్నాడు. గుండీలు అమ్మ పెడుతోంది. ఇవన్నీ నా కళ్లముందు జరిగినవే.

"జర దవాఖానకు తీసుకపో," అన్నాడు ఐలేశం. మూడు ఫోటోలూ కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఇంటికి పోయేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఫోటో ఆమె ముందు పెట్టాను. ఆమె చేతిలోకి తీసుకోలేదు. వంగి చూసింది, అంతే.

"నాకెరుకే," అన్నది.

"ఎప్పటి సంది?"

"ఎండకాలం సంది. మొదలు ఎడమ చెయ్యి. తర్వాత రెండు."

"మరి వదినె సంగతి?"

అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. "మగ్గం దిగుతె మీ బాపు బతుకుతడా? నువ్వు చెప్పు. చేతులు పోయినయని ఊరంత అంటే ఆయన బాయిల పడి సస్తడు. నాకు గదే భయం. కౌసల్య చిన్నది. ఓర్చుకుంటది, రేపు మాపు తోలుకొచ్చుకోవచ్చనుకున్న."

వెనక చప్పుడైంది. బాపు గడపలో నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలియదు. లోపలికి వచ్చి కింద ఉన్న ఫోటో తీసుకున్నాడు. అది ఆయన వేళ్లలో టపటపా కొట్టుకుంది. కిటికీ దగ్గరికి పోయి, గోడకు ఆనించి పట్టుకుని, చూస్తూ నిలబడ్డాడు. అమ్మ పొయ్యి దిక్కే చూస్తోంది. అన్నం మాడువాసన వచ్చింది, ఎవరం కదల్లేదు.

"నీళ్లు మంచిగొచ్చినయిరా," అన్నాడు బాపు.

"అవును బాపు."

"గిది షాపుల పెడ్తరా?"

"నువ్వు వద్దంటె పెట్టం."

"పెట్టుకోండ్రి." ఫోటో నాకు తిరిగి ఇచ్చాడు. "రేపు పనికి పోకు. నాతోని చండూరు రా."

అమ్మ అప్పుడు ఏడ్చింది. ఆయన ఆమెను ఏమీ అనలేదు, ఓదార్చనూ లేదు.

వదిన తండ్రి గాలయ్య కూడా నేతగాడే. మేం పోయేసరికి మగ్గం మీద ఉన్నాడు. గాభరాగా లేచి వచ్చి మంచం వాల్చాడు. మామ తానే రావడం వాళ్లు ఎదురుచూడనిది. వదిన లోటాతో నీళ్లు తెచ్చి బాపుకు అందించింది. దారి పొడుగునా ఆయన చేతులు కండువా కింద ఉన్నాయి. ఇప్పుడు ఒక్క చెయ్యి బయటికి తీసి లోటా పట్టుకున్నాడు. రెండో చెయ్యి సాయం పెట్టలేదు. నీళ్లు తొణికి ఆయన ధోవతి మీద, నేలమీద పడ్డాయి. తాగేసరికి సగం మిగిలాయి. గాలయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. వదిన తిప్పుకోలేదు.

"కండెల తప్పు లేకుండె బిడ్డా," అన్నాడు బాపు. "చేతులల్ల ఉండె."

వదిన గుంజకు ఆనుకుని నిలబడింది. "నీకెరుక ఉండి అన్నవా మామా, ఎరుకలేక అన్నవా?"

ఎరుకలేదని చెప్పి ఉంటే అందరికీ సులువయ్యేది. నేను కూడా అదే చెబుతాడనుకున్నాను.

"ఎరుక ఉండే అన్న," అన్నాడు. "మగ్గం దిగుతె నేనేం మనిషినని భయమైంది. నీ మీదికి తోసిన."

"అంతటి మనిషి వచ్చి చెప్పినంక ఇంకేముంది," అన్నాడు గాలయ్య. "పెట్టె సదురుకో బిడ్డా."

"నేను ఇయ్యాల రాను," అన్నది వదిన.

"గట్లంటవేంది?"

"మామ మీద నాకు కోపం లేదు. వచ్చి చెప్పిండు. నా పెనిమిటి మూడేండ్లు కాపురం చేసి నన్నొక్క మాట అడగకుండ బస్సెక్కించిండు. ఆయన వచ్చి అడగాలె. అడిగినంక వస్తనో రానో చెప్త."

గాలయ్య గట్టిగా ఏదో అనబోయాడు. బాపు ఆ వణికే చెయ్యి ఎత్తి ఆపాడు. "అననీ బావా. ఆమెది న్యాయమే."

భోజనం చేసి తిరిగి బయలుదేరాం. వదిన వాకిలి దాకా వచ్చింది. నాతో ఏమన్నా అంటుందేమోనని వెనకబడ్డాను. "పైలంగ తీసుకపో," అన్నది బాపును చూపించి. అంతే. రోడ్డు దగ్గర బస్సు కోసం ఒక గంట కూర్చున్నాం. ఎవరో ఒక ముసలమ్మ బాపు చేతులు చూసి, "చలిజ్వరమా అయ్యా?" అని అడిగింది. "కాదమ్మా, గిట్లనే ఉంటయి," అన్నాడాయన. కండువా భుజం మీదే ఉంది. కిందికి లాక్కోలేదు.

మర్నాడు కాలువ పని దగ్గరికి పోయి అన్నకు ఫోటో చూపించాను. చుట్టూ తట్టలు మోసేవాళ్లు పోతున్నారు. చండూరులో వదిన అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. అన్న ఫోటోను తిప్పి వెనక చూశాడు, అక్కడేమన్నా రాసి ఉందేమో అన్నట్టు. మట్టికుప్ప మీద కూర్చున్నాడు.

"నేను అడగలేదా ఆమెను?" అన్నాడు.

"లేదన్నా."

"అడిగిన అనుకున్న."

ఆ సాయంత్రమే మేస్త్రీకి చెప్పి చండూరు పోయాడు. రెండు రోజుల్లో వస్తాడనుకున్నాం. పన్నెండు రోజులు రాలేదు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ చెప్పలేదు. ఈలోగా బాపును నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు చేతులు, నడక చూసి, మందు రాసి, ఇది తగ్గదు, మెల్లమెల్లగా పెరుగుతుందని చెప్పాడు. పెయింటరు కొత్త తెర తెచ్చాడు. బండలు, నీళ్లు మా మత్తడివే. గుండు మీద మనిషిని మాత్రం గీయలేదు. దసరాకు జనం దాని ముందు వరసగా నిలబడ్డారు.

పండుగ పోయిన మూడో రోజు అన్న, వదిన వచ్చారు.

వదిన పెట్టె లోపల పెట్టి, కాళ్లు కడుక్కుని, మగ్గం దగ్గరికి పోయింది. రెండు వారాలుగా ఎవరూ ఎక్కని మగ్గం. బట్ట సగంలో ఆగి, మీద దుమ్ము పేరుకుంది. అన్న గుంటలోకి దిగి పోగులు సరిచూసుకోవడం మొదలుపెట్టాడు. బాపు పీట వేసుకుని పక్కన కూర్చున్నాడు. ఒక తెగిన పోగు చూపించి, "దాన్ని అతకు," అన్నాడు. అన్న ఇంకో పోగు పట్టుకున్నాడు. "అది గాదు, దాని పక్కది." ఎంత వేలు చూపించినా ఆ వేలు ఒకచోట నిలవడం లేదు. వదిన వంగి, బాపు మణికట్టు పట్టుకుని ఆనించింది. వేలు సరైన పోగు మీద ఆగింది.

మధ్యాహ్నం అమ్మ జొన్నరొట్టెలు, తోటకూర పప్పు చేసింది. మగవాళ్లం తిని లేచాం. బాపుకు వదినే ముక్కలు తుంచి గిన్నెలో వేసి ఇచ్చింది. తర్వాత అమ్మ వదినకు పళ్లెం పెట్టి, ఎదురుగా కూర్చుంది. నేను అరుగు మీద సైకిల్ చైను ఎక్కిస్తున్నాను. మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"తిను బిడ్డా," అన్నది అమ్మ. "చిక్కిపోయినవ్."

వదిన రొట్టె ముట్టలేదు. "అత్తా, ఒకటి అడుగుత. మామ చేతుల సంగతి నీకెప్పుడు ఎరుకైంది?"

చైను చేతిలో పట్టుకుని నేను అట్లాగే ఉండిపోయాను.

"ఎండకాలంల," అన్నది అమ్మ.

వదిన పళ్లెం దగ్గరికి లాక్కుని రొట్టె తుంచుకుంది. మొత్తం తిన్నది. పళ్లెం కడిగి బోర్లించి, కండెల గంప దగ్గరికి పోయింది.

అమ్మ ఆ పూట తినలేదు. తినమని వదిన అడగలేదు.